సముద్రముమీదుగ తిరిగివచ్చినవారు: బర్మా తెలుగువారి రాకయు, పునరావాసమును

1. ప్రస్తావన

రాబర్ట్‌సన్‌పేట సముద్రమునకు దూరముగా మెట్టనేలపై వెలసిన ఊరు. ఇచ్చటి పెద్దలకు ఓడకంటె గనిలోనికి దించు బోను ఎక్కువ పరిచితము. అట్టి ఊరి తెలుగువారి సంచికలో ఓడలమీద వచ్చిన కాందిశీకులను గూర్చి వ్రాయుట కొందఱకు వింతగా తోపవచ్చును. కాని ఈ రెండు చరిత్రలకును మొదలు ఒక్కటియే. 19వ శతాబ్ది చివరి ఇరువది సంవత్సరములలో చిత్తూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతముల ప్రజలు కూలికై కోలారు బంగారు గనులకు వచ్చుచుండగా, గంజాము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతముల ప్రజలు అదే కూలికై రంగూనుకు ఓడ లెక్కుచుండిరి. ఉభయులను కూడగట్టి తీసికొనిపోయినది మేస్త్రియే. ఉభయులును పని యున్నంతవఱకే తమదగు గూటిలో నివసించిరి. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీతో మూతపడెను. బర్మాలోని తెలుగువారి బ్రతుకు 1942లో ఒకమాఱు, 1964లో మఱియొకమాఱు తెగిపోయెను. కావున ఆ చరిత్ర మనకు పరాయిది కాదు.

కాందిశీకుడను మాట సంస్కృతము. 'ఏ దిక్కునకు పోదును?' అను ప్రశ్నయే ఆ పదమునకు మూలమని నిఘంటుకారులు చెప్పుదురు. ఈ వ్యాసమున విచారింపబూనినదియు ఆ ప్రశ్ననే. రేవున ఓడ దిగినవానికి ప్రభుత్వము ఏ దిక్కు చూపెను? ఆ దిక్కున వానికి ఇల్లు, పని, ఊరు దొరకెనా? శరణార్థుల రాకను నిర్వహించుట ఒక కార్యము. వారిని తిరిగి నిలువబెట్టుట మఱియొక కార్యము. మొదటిది దినములతో ముగియును; రెండవది ఒక తరమును కోరును. బర్మా తెలుగువారి విషయమున ఈ రెండును ఒకదాని కొకటి ఎదురుగా నడచిన తీరును చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

2. కోరంగివారు

కాకినాడకు దక్షిణమున, గోదావరి పాయ సముద్రమున కలియుచోట కోరంగి యను రేవు కలదు. 18వ శతాబ్దిలో అచట ఓడలు కట్టుచుండిరి. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులకు ఆ రేవు దెబ్బతిని, మరల పూర్వవైభవమును పొందజాలకపోయెను. కాని దాని పేరు సముద్రమునకు ఆవల నిలిచెను. ఆంధ్రతీరమునుండి వచ్చిన కూలివారందఱిని బర్మాలో 'కోరంగీలు' అని పిలిచిరి. తమ ఊరు శ్రీకాకుళమైనను, బిమిలి యైనను, రంగూను వీధిలో తెలుగువాడు కోరంగివాడే.

1852 నాటి యుద్ధముతో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమయ్యెను. ఐరావతీ ముఖభూములలో అడవులు నఱకి వరి సాగుచేయుటయు, ఆ బియ్యమును ప్రపంచమునకు ఎగుమతి చేయుటయు అటుపిమ్మట పెరిగెను. 1869లో సూయజు కాలువ తెఱవబడుటతో ఆ వ్యాపారము మఱింత విస్తరించెను. వరి కోయుటకు, మరలలో దంచుటకు, రేవులో బస్తాలు మోయుటకు మనుష్యులు కావలసివచ్చిరి. బ్రిటిషు ఇండియా స్టీము నావిగేషను కంపెనీ ఓడలు గోపాలపురము, బారువ, కళింగపట్టణము, బిమిలిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులలో ఆగి ప్రజలను రంగూనుకు చేర్చుచుండెను. ఓడ దూరముగా లంగరు వేసికొనగా, జనులు పడవలలో పోయి దాని నెక్కవలసియుండెను. విశాఖలో ఓడ ఒడ్డున కానుటకు వీలగు హార్బరు 1933లో గాని ప్రారంభము కాలేదు.

1931 జనాభా లెక్కల ననుసరించి బర్మాలోని భారతీయులు పదిలక్షలకు పైబడియుండిరి. అందు తెలుగువారు సుమారు లక్షా అరువదివేలు. రంగూను నగరజనము నాలుగు లక్షలు కాగా, అందు భారతీయులు 2,12,000కు మించియుండిరి. అనగా ఆ నగరమున సగముకంటె ఎక్కువ మంది మనవారే. వారిలో తెలుగువారి స్థానము తక్కువ కూలిపనులలో నుండెను. రేవులో సరకు దించుట, బియ్యపు మరలు, రిక్షాలు, వీధులు ఊడ్చుట మొదలగు పనులు వారివి. వడ్డీవ్యాపారమును, భూములును చెట్టియారుల చేతిలో నుండగా, తెలుగువాని మూలధనము అతని భుజమే. మన నాటకరంగమున 'రంగూన్ రౌడీ' అను నాటకము పేరుమోసిన దన్న, ఆ నగరము తెలుగు పల్లెల ఊహలో ఎంతగా ప్రవేశించెనో ఎఱుంగవచ్చును.

ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. బర్మాకు పోయిన తెలుగువారు రెండు తెగలవారు. మొదటి తెగవారు పంటకాలమునకు పోయి, రెండు మూడేండ్లు కూలి చేసి, సొమ్ము కూర్చుకొని మరలి వచ్చువారు. వారి భార్యాబిడ్డలు ఊరనే యుందురు. నెలనెల మనియార్డరు వచ్చును. పంచాయితీలోను, పెండ్లిపందిరిలోను వారి చోటు వారికి ఉండును. బర్మాలోని తెలుగువారిలో పురుషులసంఖ్య స్త్రీలసంఖ్యకు ఎన్నోరెట్లు మించియుండుటకు కారణ మిదియే. రెండవ తెగవారు అచటనే కాపురము పెట్టి, అచటనే బిడ్డలను కని, అచటనే శ్మశానమును చూచుకొన్నవారు. ప్రభుత్వపు లెక్కలలో ఇరువురును భారతీయులే. కాని ఓడ దిగిననాడు ఈ ఇరువురి గతియు ఒకటి కాలేదు.

3. ముందుగా తోచిన సూచనలు

1930 మేలో రంగూను రేవులోని తెలుగు కూలివారు కూలి హెచ్చింపవలెనని పని మానిరి. యజమానులు వారి స్థానమున బర్మీయులను పనికి పెట్టుకొనిరి. తరువాత తెలుగువారితో రాజీ కుదుర్చుకొని, ఆ బర్మీయులను తొలగించిరి. మే 26వ తేదీన ఉభయులకును రేవున కలహము పుట్టి నగరమంతట వ్యాపించెను. వందకు మించిన ప్రాణములు పోయెను. వానిలో అధికము తెలుగువారివే. ఆ కలహమునకు జాతిద్వేషమే కారణమని చెప్పుట సులభము. కాని మొదలు చూడగా అది ఒక కూలిని ఇంకొక కూలితో బెదరించి పనిధర తగ్గించు పద్ధతికి ఫలము. అప్పటికే ప్రపంచమంతట ధరలు పడిపోయి, బర్మా రైతుల భూములు అప్పులక్రింద జారిపోవుచుండెను.

1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా భారతదేశమునుండి పరిపాలనలో వేఱుచేయబడెను. నిన్నటివఱకు ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు పోయినవాడు ఆ దినముతో పరదేశి యయ్యెను. 1938లో మరల అల్లరులు చెలరేగెను. పిమ్మట జేమ్సు బాక్‌స్టరు భారతీయుల వలసను గూర్చి విచారణ జరిపి నివేదిక సమర్పించెను. దానిని బట్టి 1941 జులైలో ఇరుప్రభుత్వములును వలసను నియమించు ఒడంబడిక చేసికొనెను. భారతదేశమున దీనిని పలువురు గర్హించిరి. ఒడంబడికపై చర్చ ముగియకమునుపే యుద్ధము వచ్చిపడెను.

4. 1942: రాక నరకము, ఊరు మాత్రము ఉండెను

1941 డిసెంబరు 23వ తేదీ పగటివేళ జపానువారి విమానములు రంగూనుపై బాంబులు వేసెను. వీధులలో నిలిచి ఆకాశము వంక చూచుచున్న జనము వేయికి మించి మరణించిరి. 25వ తేదీన మరల దాడి జరిగెను. రేవు కూలివారు, వీధులు ఊడ్చువారు మూటలు కట్టుకొని నగరము విడిచిరి. రెండు మూడు దినములలోనే రేవున సరకు దించువాడు లేకపోయెను; వీధులలో చెత్త కుళ్ళెను. నగరమును నడుపుచుండినది ఎవరో ఆ వారమున గాని పాలకులకు తెలియలేదు.

ఈ స్థితిలో ప్రభుత్వమునకు రెండు కోరికలు ఒకదానికొకటి విరుద్ధముగా నుండెను. జనమును రక్షింపవలెను, కాని రేవు పనికి అదే జనము కావలెను. కావున ఉత్తరముగా ప్రోము బాట పట్టిన కూలివారిని మొదట మరలించిరి. నగరమునకు వెలుపల శిబిరములు కట్టి, కూలివారిని అచట ఉంచి పనికి రప్పించుటకు యత్నించిరి. ఎవరిని పంపవలెను, ఎవరిని నిలుపవలెను అను నిర్ణయము శరణార్థి అవసరమును బట్టి గాక, పాలకుని అవసరమును బట్టి జరిగెను. శరణార్థుల నిర్వహణచరిత్రలో ఇది తరచుగ కనబడు దోషము.

1942 మార్చి 8వ తేదీన రంగూను జపానువారి వశమగునంతలో సుమారు డెబ్బదివేల మంది సముద్రమార్గమున తప్పించుకొనిరి. కలకత్తా, మదరాసు, విశాఖపట్టణము మొదలగు రేవులకు ఓడలు చేరెను. డబ్బు కలవాడు టిక్కెట్టు సంపాదించెను. డెక్కుమీది చోటుకై పేదవాడు రేవున పడిగాపులు కాచెను. ఓడ దొరకనివారు కాలినడకను నమ్ముకొనిరి. కొందఱు ప్రోమునుండి అరకాను కొండలు దాటి టౌంగుపు రేవునకు, అచటినుండి పడవలమీద అక్యాబునకు, చిట్టగాంగునకు పోయిరి. త్రోవలో కలరా వారిని పట్టెను. రంగూను పడిపోయిన పిమ్మట మిగిలినవారు మాండలే మీదుగ చిందువిను నది దాటి, టామూ, ఇంఫాలు బాటను దిమాపురమునకు వచ్చిరి. అస్సాములోని తేయాకు తోటలవారి సంఘము త్రోవ పొడుగున శిబిరములు నెలకొల్పి అన్నము పెట్టెను. దొరలకు ఒక త్రోవ, నల్లవారికి ఒక త్రోవ అను భేదము పాటింపబడెనని భారతదేశమున తీవ్రమగు నిరసన చెలరేగెను.

ఆ సంవత్సరము బర్మా విడిచి వచ్చిన భారతీయులు నాలుగైదు లక్షలని చరిత్రకారుల అంచనా. త్రోవలో మరణించినవారి లెక్కను కొందఱు పదివేలనియు, కొందఱు యాబదివేలనియు, కొందఱు అంతకుమించియు చెప్పుదురు. అంచనాలలో ఇంత తేడా యుండుటయే ఆ నిర్వహణ యెట్టిదో చెప్పుచున్నది. లెక్క వ్రాసికొనువాడు లేనిచోట మరణము కూడ నమోదు కాదు.

రంగూను బాంబులకు వెఱచి విశాఖకు, కాకినాడకు చేరినవారిని బాంబులు అచటికిని వెంబడించెను. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు ఆ రెండు రేవులపైనను దాడి చేసెను. తీరపట్టణముల జనమే ఇండ్లు విడిచి లోపలి గ్రామములకు పోవుచుండిరి.

అయినను ఒక్కమాట. 1942లో వచ్చినవారిలో అధికులు పైని చెప్పిన మొదటి తెగవారు. వారికి ఊరు ఉండెను. గుర్తుపట్టు తల్లి, ఎదురుచూచు భార్య, సగము పడిన ఇల్లు, అన్నదమ్ముల ఉమ్మడిలో ఒక చెక్క పొలము ఉండెను. రైలు దిగి నడచి పోయినవానిని ఊరు లోనికి తీసికొనెను. ప్రభుత్వము వారికై పెద్ద కాలనీలు కట్టలేదు; కట్టవలసిన అవసరము అంతగా కనబడలేదు. ఆ భారమును పల్లెటూరి ఉమ్మడి కుటుంబము మోసెను. మనియార్డరు ఆగిపోయి, ధరలు మండిపోవు దినములలో ఒక కుంచెడు గింజలను మఱియొక నోటికి పంచెను. ఈ పునరావాసము ఏ నివేదికలోను కానరాదు. ఏల యన, దానిని జరిపినవారు వ్రాయ నేర్చినవారు కారు.

యుద్ధానంతరము పలువురు తిరిగి పోజూచిరి. 1947లో బర్మా ప్రభుత్వము చేసిన వలసచట్టము అనుమతి లేనిదే ప్రవేశము లేదనెను. వచ్చుచు పోవుచు నుండు తెలుగుకూలి చరిత్ర దానితో ముగిసెను. అటుపిమ్మట బర్మాలో మిగిలినవారు చాలవఱకు రెండవ తెగవారు.

5. 1964: రాక సుగమము, ఊరు మాత్రము లేదు

1948 జనవరి 4వ తేదీన బర్మా స్వతంత్రమయ్యెను. అచటి పౌరసత్వమునకు దరఖాస్తు పెట్టుకొని పొందినవారు కొందఱే. 1962 మార్చి 2వ తేదీన సేనాధిపతి నే విన్ ప్రభుత్వమును వశపఱచుకొనెను. 1964 మార్చిలో రంగూనులోని దుకాణములు జాతీయము చేయబడెను. మే 17వ తేదీన 50, 100 క్యాటుల నోట్లు చెల్లవని ప్రకటింపబడెను. ఒక వేసవిలోనే దుకాణము పోయెను, పెట్టెలోని సొమ్మును పోయెను. ఆ తరువాతి సంవత్సరములలో సుమారు మూడు లక్షల మంది భారతీయులు బర్మా విడిచిరని సాధారణముగ చెప్పబడుచున్నది. వారిలో లక్షా నలుబదివేలకు మించినవారు నేటి తమిళనాట దిగి నమోదైరి. తెలుగువారికి ముఖ్యమగు రేవు విశాఖపట్టణము.

ఈ మాఱు నిర్వహణ వేఱు. భారతప్రభుత్వమే ఓడలను ఏర్పఱచెను. రంగూనులోని రాయబార కార్యాలయము పత్రము లిచ్చెను. ఎవరు ఎప్పుడు బయలుదేరుదురో ముందుగనే తెలిసెను. రేవున వైద్యులు, నమోదు చేయు గుమాస్తాలు, అన్నశాలలు, తాత్కాలిక శిబిరములు, చేతిఖర్చునకు కొంత సొమ్ము, పోవలసిన ఊరికి రైలుటిక్కెట్టు సిద్ధముగా నుండెను. 1942తో పోల్చిన ఇది మిక్కిలి మేలైన ఏర్పాటు. త్రోవలో వేలకొలది జనము చావలేదు. ప్రభుత్వము దీనికి ప్రశంసార్హము.

అయితే దిగినవారి స్థితిని చూడుడు. తెచ్చుకొనదగిన సొమ్ముపైనను, నగలపైనను బర్మా అధికారులు కఠినమగు పరిమితి విధించిరి. కొందఱ మెడలోని మంగళసూత్రములు సైతము సుంకపుబల్లపై చర్చకు వచ్చెనని తిరిగివచ్చినవారు చెప్పుకొనిరి. వదలివచ్చిన దుకాణమునకు, ఇంటికి వెల అధికులకు చేతికి రాలేదు. బిడ్డలు బర్మాభాషలో చదువుకొన్నవారు. ఇంట తెలుగు మాటాడుదురు గాని వ్రాయలేరు. ఇచటి బడిలో వారిని ఏ తరగతిలో చేర్చవలెనో ఉపాధ్యాయునికే తెలియదు.

అన్నిటికంటె పెద్ద చిక్కు 'స్వగ్రామము' అను మాటలో నుండెను. ప్రభుత్వము వీరిని శరణార్థులనలేదు. స్వదేశమునకు మరలివచ్చినవారు అనెను. మాట గౌరవమైనదే. కాని మరలి వచ్చుట అనగా మరలుటకు ఒక చోటుండవలెను. తాత బయలుదేరిన ఊరి పేరు చెప్పి టిక్కెట్టు పుచ్చుకొన్న మనుమని, ఆ ఊరిలో ఎవరు గుర్తింతురు? దాయాదులు అప్పటికే పొలము పంచుకొనిరి. వచ్చినవానిని వారు చుట్టముగా రెండు దినములు ఆదరించిరి. మూడవ దినమున భాగస్థుడని భయపడిరి. 1942లో ఊరు మోసిన భారమును 1964లో ఊరు మోయజాలకపోయెను. ఇది ఊరి క్రూరత్వము కాదు. వచ్చినవాడు ఊరివాడు కాకపోవుటయే కారణము.

కావున పలువురు పల్లెలలో నిలువక, పనులు దొరకు పట్టణములకు చేరిరి. విశాఖపట్టణమున కంచరపాలెము ప్రాంతమున నున్న బర్మా క్యాంపు దీనికి సాక్షి. క్యాంపు అనగా తాత్కాలికము. ఆ పేరే నేటికిని పేటకు నిలిచినది. అప్పటికి విశాఖలో రేవు, ఓడల కర్మాగారము, 1957లో స్థాపింపబడిన చమురుశుద్ధి కర్మాగారము ఉండెను. కూలి దొరకుచోట గుడిసె నిలిచెను, గుడిసె ఇల్లయ్యెను. మదరాసులో రేవునకు చేరువ వీధిప్రక్కన 1969లో బర్మా బజారు వెలసెను. అమ్ముట తెలిసినవారికి అమ్ముకొను చోటు చూపుటయే అందలి కిటుకు. ఆ వీధులలో నేటికిని అమ్ముడగు 'అత్తో' అను నూడుల్సు వంటకము రంగూను జ్ఞాపకమే. అదే సంవత్సరము బర్మా, సింహళములనుండి వచ్చినవారికొఱకు రెప్కో బ్యాంకు స్థాపింపబడెను. దాని సేవ దక్షిణరాష్ట్రములకెల్ల, మన కర్ణాటకమునకును వర్తించును.

ఎదురు నిదర్శనము మణిపురములో కలదు. తమిళనాట నిలువలేక, భూమార్గమున బర్మాకే తిరిగి పోవుదమని బయలుదేరిన కొందఱు తమిళులు సరిహద్దున ఆపబడి, మోరే యను గ్రామముననే స్థిరపడిరి. స్వదేశమునకు చేర్చబడినవారు పరదేశము వైపు మరలి నడచిరన్న, రేవున జరిగిన స్వాగతము ఎంతవఱకు చాలెనో విచారింపవలెను.

6. సింహళము, వియత్నాము: రెండు పోలికలు

1964 అక్టోబరు 30వ తేదీన లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకెల ఒడంబడిక జరిగెను. సింహళపు తోటలలోని భారతసంతతివారిలో 5,25,000 మందిని భారతదేశము స్వీకరించుటకును, 3,00,000 మందికి సింహళము పౌరసత్వ మిచ్చుటకును నిశ్చయమయ్యెను. తలైమన్నారునుండి రామేశ్వరమునకు ఓడలో వచ్చినవారు మండపము శిబిరమున నమోదై, వేర్వేఱు పథకములకు పంపబడిరి. అట్లు వచ్చినవారిలో కొందఱు మన కర్ణాటకమున సుళ్య ప్రాంతపు రబ్బరుతోటలలో స్థిరపఱుపబడిరి. ఇచట పని, ఇల్లు కలిపి యిచ్చిరి. ఇది బర్మావారికి దొరకిన రైలుటిక్కెట్టు కంటె మేలు. కాని ఇల్లు పనితో ముడిపడినప్పుడు, పని విడిచిన దినమున ఇల్లును విడువవలెను. ఈ సంగతి గనుల లైన్లలో పుట్టి పెరిగినవారికి నేను చెప్పవలసిన పని లేదు.

రెండవ పోలిక వియత్నామీయులది. 1975 ఏప్రిలు 30వ తేదీన సైగాను పడిపోయిన పిమ్మట వేలకొలది జనము చిన్న పడవలలో సముద్రమున పడిరి. 1979 జూను ఒక్క నెలలోనే యాబదివేలకు మించినవారు ఆగ్నేయాసియా తీరములకు చేరిరి. మలేషియాకు చెందిన పులావ్ బిడోంగ్ అను చిన్న దీవిలో ఒకప్పుడు నలుబదివేల మంది క్రిక్కిరిసి యుండిరి. తీరదేశములు పడవలను వెనుకకు నెట్టసాగెను. అదే సంవత్సరము జులైలో జెనీవాలో జరిగిన సభలో తీరదేశములు తాత్కాలికముగ చోటిచ్చుటకును, దూరదేశములు వారిని శాశ్వతముగ స్వీకరించుటకును అంగీకరించెను. 1975 మొదలు 1995 వఱకు పడవలలో వచ్చి చేరిన వియత్నామీయులు సుమారు ఎనిమిది లక్షలు. సముద్రమున మునిగినవారు వేఱు.

ఈ రెండు కథలును తలక్రిందులుగా నున్నవి. వియత్నామీయుని 'మావాడు' అన్న దేశము లేదు. అందువలన అతనిని ఎచట ఉంచవలెను, ఎవరు పనికి తీసికొందురు, భాష ఎవరు నేర్పుదురు అను ప్రశ్నలన్నియు ముందుగ అడుగవలసివచ్చెను. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, ఫ్రాన్సు దేశములలో భాష నేర్పు పాఠశాలలు, ఆదరించు కుటుంబములు, సంఘములు వారికొఱకు ఏర్పడెను. బర్మా తెలుగువానిని 'మావాడు' అనుటకు భారతదేశము క్షణమైనను ఆలోచింపలేదు. అది మన దేశమునకు గౌరవకారణము. కాని మావాడే గదా అనుటచేతనే, అతనికి ఈ నేల క్రొత్తదని ఎవరును తలపలేదు. బిడ్డలకు తెలుగు అక్షరములు నేర్పవలెనని ముందుగ తోచలేదు. పరాయివానికి అడిగిన ప్రశ్నలను మనవానికి అడుగుట మఱచితిమి.

7. ఉపసంహారము

పై విచారణవలన తేలిన విషయములు మూడు. మొదటిది: రాకను చక్కగ నిర్వహించిన మాత్రమున పునరావాసము సిద్ధింపదు, 1942లో రాక ఘోరము, ఊరు సిద్ధము, 1964లో రాక సుగమము, ఊరు శూన్యము. రెండవది: తాత పుట్టిన ఊరికంటె, చేతి పనికి తగిన చోటు శరణార్థిని త్వరగ నిలుపును, బర్మా క్యాంపును, బర్మా బజారును దీనికి దృష్టాంతములు. మూడవది: ఇల్లు పనితో ముడిపడియున్నంత కాలము పునరావాసము పూర్తి కాలేదనియే భావింపవలెను.

ఈ మూడవ విషయము మనలను కోలారు గనులకే తిరిగి తెచ్చుచున్నది. మైసూరులో రెసిడెంటుగా నుండిన డొనాల్డ్ రాబర్ట్‌సను పేరిట వెలసిన ఈ పేట, గనుల లైన్లకు వెలుపల వీధులు కొలిచి కట్టిన పట్టణము. ఒకే గనిలో దిగిన ఇరువురిలో ఒకడు లైనులో ఉండెను. ఒకడు పేటలో చిన్న స్థలము కొనుక్కొనెను. 2001లో గనులు మూతపడినప్పుడు రెండవవానికి పని పోయెను. మొదటివానికి పని పోవుటయే గాక ఇంటిపై హక్కు ఏమగునను భయమును పట్టుకొనెను. నాటినుండి తెల్లవాఱకముందే మారికుప్పము రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడినపిమ్మట మరలివచ్చు వేలమందిని చూచుచునే యున్నాము. వారు సముద్రము దాటలేదు. కాందిశీకులని వారిని ఎవరును అనలేదు. కాని తెల్లవాఱుజామున ప్లాటుఫారముపై నిలిచిన ఆ యువకులు అడుగునది ఆ పాత ప్రశ్ననే: ఏ దిక్కునకు పోదును?

బర్మానుండి 1964లో పసిబిడ్డలుగా వచ్చినవారు నేడు అరువదేండ్లు దాటినవారు. ఓడను, రేవును, శిబిరమును ఎఱిగి జ్ఞాపకముంచుకొన్నవారు వారికంటె పెద్దలు. వారి సంఖ్య ఏటేట తగ్గుచున్నది. గనిలో దిగిన కడపటి తరమువారును వృద్ధులగుచున్నారు. ప్రభుత్వపు కాగితములు రాకను వ్రాసియుంచును. నిలద్రొక్కుకొనిన కథను మనుష్యులే చెప్పవలెను. తెలుగుసంఘములు ఎచటనున్నను తమ చుట్టుపట్ల నున్న అట్టి పెద్దల కడ కూర్చుండి, ఏ ఓడలో వచ్చిరి, ఏ ఊరికి టిక్కెట్టు పుచ్చుకొనిరి, ఆ ఊరు విడిచి ఎందులకు వచ్చిరి అను మూడు ప్రశ్నలు అడిగి, వారి మాటలలోనే వ్రాసికొనుట కర్తవ్యము. నాటకములు, అవధానములు జరుపు సంఘములకు ఇది అలవికాని పని కాదు. ఒక కాగితము, ఒక కలము, వినుటకు ఓపిక చాలును.